ఖాన్గీ బడి లెక్కలు: ఉండాలా, టీసీ తీసుకోవాలా?

2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు స్కూళ్ల టీచర్లకీ, ఇతర సిబ్బందికీ నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ఇస్తామని ప్రకటించింది. కరోనాతో బడులు మూతపడి అప్పటికి ఏడాది దాటింది. చాలామందికి జీతాల్లేవు. నిన్నటిదాకా ఎక్కాలు చెప్పిన సారు రేషన్ షాపు ముందు సంచీ పట్టుకుని నిలబడాల్సి వచ్చిందే అని అందరం బాధపడ్డాం. కొందరు సర్కారు మంచి పని చేసిందన్నారు, కొందరు ఇది భిక్ష అన్నారు. ఆ చర్చ ఎటూ తేలలేదు, తేలేది కూడా కాదు లెండి.

కానీ ఆ వార్తలో ఇంకొకళ్లు కూడా ఉన్నారు. వాళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఆ బడుల్లో పిల్లల్ని చేర్పించిన అమ్మానాన్నలు. బడి నడుస్తుందో లేదో తెలియదు, టీచర్లు మళ్లీ వస్తారో రారో తెలియదు. ఫీజు కడితే మునిగిపోతుందేమోనని భయం, కట్టకపోతే బడే మునుగుతుందేమోనని ఇంకో భయం. ఉండాలా? టీసీ తీసుకుని వేరే బడికి పోవాలా? వరంగల్, హనుమకొండ, కాజీపేట గల్లీల్లో రెండు మూడంతస్తుల ఇళ్లల్లో నడిచే బడులున్నాయి కదా, అక్కడ ఈ ప్రశ్న కరోనాకి ముందూ ఉంది, తర్వాతా ఉంది.

చాలామంది దీన్ని ప్రైవేటు చదువుల కాలం తెచ్చిన కొత్త తలనొప్పి అనుకుంటారు. నేను ఒప్పుకోను. మన తాతల కాలంలో, నిజాం హయాంలో, ఇదే ప్రశ్న ఇంకా కష్టమైన రూపంలో ఉండేది. ఆ కథ తెలిస్తే ఇప్పటి ప్రశ్నకి కూడా ఒక దారి దొరుకుతుందని నా నమ్మకం. అందుకే ఈ పాత పురాణం. కాస్త ఓపిక పట్టండి.

ఖాన్గీ అంటే

ఇప్పుడు మనం ప్రైవేటు అంటున్నదాన్ని అప్పుడు ఖాన్గీ అనేవారు. ఖాన్గీ బడి అంటే సర్కారుది కాని బడి. హైదరాబాద్ రాజ్యంలో 1880లలో ఫార్సీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. కచేరీ, కోర్టు, పోలీసు, రెవెన్యూ అన్నీ ఉర్దూలోనే. రాజ్యంలో సగం మందికి దగ్గరదగ్గరగా తెలుగువాళ్లే అయినా, సర్కారు బడిలో పై చదువు ఉర్దూలోనే సాగేది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలయ్యాక డిగ్రీ దాకా ఉర్దూలోనే చదువు. ఒక భారతీయ భాషలో ఇంజినీరింగు, వైద్యం కూడా చెప్పొచ్చని చూపించిన గొప్ప ప్రయోగం అది. అందులో సందేహం లేదు. కాకపోతే ఆ భారతీయ భాష వరంగల్ సుబాలో రైతు పిల్లవాడి ఇంటి భాష కాదు. చిక్కంతా అక్కడే.

మరి తెలుగు ఎక్కడ నేర్చుకునేవారు? వీధిబడిలో. ఒక అరుగు, ఒక పంతులు, ఇరవై ముప్పై మంది పిల్లలు, ఇసుకలో ఓనమాలు, ఆ తర్వాత పెద్ద బాలశిక్ష, ఎక్కాలు, కాస్త చిట్టా ఆవర్జా రాయడం. పంతులుగారి జీతం అంటే నెలనెలా వచ్చేది కాదు. పంట చేతికొచ్చినప్పుడు ధాన్యం, పండక్కి బట్టలు, దసరాకి పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పాట పాడితే వచ్చే మామూళ్లు. వానలు లేకపోతే ధాన్యం లేదు, ధాన్యం లేకపోతే పంతులు లేడు, పంతులు లేకపోతే బడి లేదు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆ బడికి ఒకటే సర్వర్, బ్యాకప్ లేదు.

ఇప్పుడు ఆ కాలపు తండ్రి స్థానంలో ఉండి ఆలోచించండి. కొడుకుని ఖాన్గీ బడికి పంపిస్తే తెలుగు వస్తుంది, లెక్కలొస్తాయి, భాగవతం చదువుతాడు. కానీ పట్వారీ కాగితం ఉర్దూలో ఉంటుంది, అమీను ఉర్దూలో మాట్లాడతాడు, ఉద్యోగం ఉర్దూ వచ్చినవాడికే. సర్కారు బడికి పంపిస్తే పిల్లవాడికి అర్థమైనా కాకపోయినా చేతికొక సర్టిఫికెట్ వస్తుంది. తెలుగు బడిని వదిలేసి ఉర్దూ బడికి పిల్లల్ని పంపిన వాళ్లందరినీ మాతృభాషా ద్రోహులనడం చాలా తేలిక. నేననను. వాళ్లు అన్నం వైపు చూశారు. మనం ఇంగ్లీషు మీడియం వైపు చూసినట్టే. 1931 నాటికి హైదరాబాద్ రాజ్యంలో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి సుమారు అయిదుగురు. అలాంటి చోట పిల్లవాడిని ఏదో ఒక బడికి పంపడమే పెద్ద సాహసం.

దీనికి తోడు 1924 ప్రాంతంలో ఖాన్గీ బడుల మీద నిబంధనలొచ్చాయి. ముందుగా విద్యాశాఖ అనుమతి లేనిదే ఎవరూ బడి పెట్టకూడదు. పైకి చూస్తే సబబుగానే ఉంటుంది. అనుమతి లేని బడులు ఇప్పుడూ ఉండకూడదనే కదా అంటాం! కానీ ధాన్యం మీద బతికే పంతులు దరఖాస్తు పెట్టుకుని, తనిఖీలకి తట్టుకుని అనుమతి తెచ్చుకోగలడా? వేలల్లో ఉన్న ఖాన్గీ బడులు కొద్ది ఏళ్లలోనే బాగా తగ్గిపోయాయి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభకి మాతృభాషలో చదువు, ఖాన్గీ బడులకి స్వేచ్ఛ ముఖ్యమైన కోరికలయ్యాయంటే ఇదే కారణం. భూమి, వెట్టి లాంటి పెద్ద సమస్యలున్న రాజ్యంలో రాజకీయం మొదలైన దారుల్లో బడి ఒకటి అన్నమాట.

లోటు ఎవరు భరించారు?

చాలా బడులు పోయాయి సరే, కొన్ని ఎలా నిలబడ్డాయి? నాకు ఆసక్తి కలిగించింది ఇదే.

మా వైపు చూస్తే తెలుగు పని బడికంటే ముందు గ్రంథాలయంతో మొదలైంది. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1918లో వరంగల్ మట్టెవాడలో శబ్దానుశాసనాంధ్ర భాషానిలయం పెట్టారు. బడికి అనుమతి కావాలి, గ్రంథాలయం కాస్త నయం. పైగా గ్రంథాలయానికి సభ్యులుంటారు, చందా ఉంటుంది, కార్యవర్గం ఉంటుంది, ఏడాదికోసారి లెక్క చెప్పాలి. ఒక మనిషి పోతే ఇంకొకరు వస్తారు. వీధిబడికి లేనిది ఇదే. నిజాం రాష్ట్రాంధ్ర జనకేంద్ర సంఘం మొదటి సమావేశం 1923 ఏప్రిల్ 1న జరిగింది ఆ హనుమకొండ భాషానిలయంలోనే. ఇప్పుడు ఆ వీధుల్లో తిరిగేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో మరి.

ఆ సంఘం పుట్టుకే ఒక తమాషా కథ. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కర్వే. అల్లంపల్లి వెంకటరామారావు అనే లాయరు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఇంతవరకూ చాలామందికి తెలుసు. దీని రెండో భాగం ఇంకా బావుంటుంది.

ఆ సంఘంలో ముఖ్యుడైన మాడపాటి హనుమంతరావు తదితరులు 1928లో హైదరాబాద్‌లో ఆడపిల్లలకి తెలుగు మీడియం బడి పెట్టారు. నారాయణగూడ బాలికల పాఠశాల అంటే హైదరాబాద్ వాళ్లకి ఇట్టే తెలుస్తుంది. చందాలతో నడిచిన బడి. బడి పెట్టారు బానే ఉంది, పరీక్ష ఎవరు పెడతారు? సర్టిఫికెట్ ఎవరిస్తారు? తెలుగులో చదివిన వాళ్లకి ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. గుర్తింపు లేని బడిలో ఏ తల్లీ తండ్రీ పిల్లని ఎన్నాళ్లు ఉంచుతారు? అప్పుడు వాళ్లకి దారి చూపింది పూనాలోని మహిళా విశ్వవిద్యాలయం. 1916లో మాతృభాషలో ఆడవాళ్లకి పై చదువు చెప్పడానికి దాన్ని స్థాపించింది ఎవరో తెలుసా? అదే కర్వే! ఏ సభలో తెలుగు మాట్లాడనివ్వలేదో, ఆ సభాధ్యక్షుడి యూనివర్సిటీయే తెలుగు ఆడపిల్లల చదువుకి విలువ కట్టింది. ఆ బడి పిల్లలు ఆ పరీక్షలే రాశారు.

ఈ బడి నిలబడటానికి నాకు మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, లోటు పూడ్చడానికి ఫీజు కాకుండా దాతలున్నారు. రెండోది, బయటి గుర్తింపు తెచ్చుకున్నారు. మూడోది నా ఊహ. ఆ రోజుల్లో ఆడపిల్ల సర్కారు ఉద్యోగం చెయ్యాలని ఇంట్లో ఎవరూ అనుకోలేదు కాబట్టి, ఉర్దూ మీడియం కాకపోతే కొంప మునుగుతుందన్న భయం తల్లిదండ్రులకి తక్కువ. కొడుకు విషయంలో తీసుకోలేని రిస్కు కూతురి విషయంలో తీసుకున్నారు. కూతుర్ని తక్కువగా చూసిన లెక్కే, అనుకోకుండా ఒక మంచి బడిని బతికించిందన్నమాట. చరిత్ర ఇలాంటి వేళాకోళాలు చాలా చేస్తుంది.

ఇంకో దారి హాస్టలు. 1918లో హైదరాబాద్‌లో మొదలైన రెడ్డి హాస్టల్ బడి కాదు. పిల్లలు చదివేది ఉన్న బడుల్లోనే. తిండి, పడక, తెలుగు పుస్తకాలు, తోటివాళ్లు హాస్టల్లో. బడి నడిపే భారం పెట్టుకోకుండా, బడికి వెళ్లే పిల్లవాడి భారం తీసుకున్నారు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఎంతమందో అలా చదువుకున్నారు.

వరంగల్‌లో ఆ పాత్ర వ్యాపారులు పోషించారు. ఇక్కడ ఆంధ్ర విద్యాభివర్ధిని (ఇప్పుడు ఏవీవీ అంటే అందరికీ తెలుస్తుంది) లాంటి సంస్థల వెనక చందా కాంతయ్య లాంటి దాతలున్నారు. ఆయన పేరు మీదే సీకేఎం కాలేజీ ఉంది. ధాన్యం, పత్తి, మిర్చి అమ్ముడుపోయే ఊళ్లో ఆ డబ్బులో కొంత బడికి చేరడం అప్పట్లో ఒక మర్యాదగా ఉండేది.

గుర్తింపు ఎంత ముఖ్యమో 1938లో ఇంకోసారి రుజువైంది. వందేమాతరం పాడినందుకు ఉస్మానియా కింద ఉన్న కాలేజీల నుంచి విద్యార్థుల్ని బహిష్కరించారు. వాళ్లలో వరంగల్ కాలేజీలో చదువుతున్న పి.వి. నరసింహారావు కూడా ఉన్నారు. పొరుగున ఉన్న నాగపూర్ యూనివర్సిటీ ఈ పిల్లల్ని చేర్చుకుంది. అది చేర్చుకోకపోతే? ఆ కుర్రాళ్ల ధైర్యం ధైర్యంగానే ఉండేది, చదువు మాత్రం అక్కడితో ఆగేది. ధైర్యం చేసే పిల్లల వెనక ఎక్కడో ఒకచోట సర్టిఫికెట్ ఇచ్చే చెయ్యి ఒకటి ఉండాలి.

సర్కారు చెయ్యి వేసింది, తీసేసింది

1948 తర్వాత, ముఖ్యంగా 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, ఎయిడెడ్ బడులనే ఏర్పాటు బాగా విస్తరించింది. బడి యాజమాన్యానిది, టీచర్ల జీతం ప్రభుత్వానిది. దాతల దయ మీద, చందాల మీద బతికిన బడులకి అది ప్రాణవాయువు. తల్లిదండ్రులకి కూడా నిశ్చింత. సారు వచ్చే ఏడు ఉంటాడా అన్న ప్రశ్న ఇక లేదు. మా నాన్నల తరం చదువుకున్నది చాలావరకు అలాంటి బడుల్లోనో, సర్కారు బడుల్లోనో.

1985 నుంచి కొత్తగా పెట్టిన బడుల్ని గ్రాంటులోకి తీసుకోవడం ఆగిపోయింది. పాత ఎయిడెడ్ బడుల్లో కూడా రిటైరైన పోస్టుల్లో భర్తీ లేక ఒక్కొక్కటీ చిక్కిపోయాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడ్ వదులుకొమ్మని, లేదా సంస్థనే అప్పగించమని ఎయిడెడ్ యాజమాన్యాల్ని అడిగినప్పుడు ఏమైందో గుర్తుందా? విశాఖపట్నం, కాకినాడ లాంటి ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. నవంబరుకి ప్రభుత్వం తగ్గి, పాత పద్ధతిలో కొనసాగే వీలు కూడా ఇచ్చింది. లోటు మోసే చెయ్యి ఉన్నట్టుండి తీసేస్తే ఆ బరువు నేరుగా అమ్మానాన్నల నెత్తిన పడుతుంది. రోడ్డెక్కక ఏం చేస్తారు?

మా ఊళ్లో ఇదే సమయంలో ఇంకో మార్పు. 1959లో ఆర్ఈసీకి నెహ్రూ శంకుస్థాపన చేశారు (2002లో అది ఎన్ఐటీ అయింది). అదే ఏడు కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ. కాజీపేటలో 1950ల నుంచే మిషనరీల ఇంగ్లీషు బడి ఉంది. పత్తి, మిర్చి ఊరు మెల్లగా చదువుల ఊరైంది. సుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లల కోసం హనుమకొండలో కిరాయికి దిగడం మొదలైంది. అందరికీ ఇంగ్లీషు మీడియం కావాలి, పెద్ద బడుల్లో సీట్లు లేవు, ఫీజులు అందవు. ఆ ఖాళీలో గల్లీ గల్లీకి చిన్న బడి పుట్టింది. ఆ బడులు లేకపోతే ఇప్పుడు మన ఆఫీసుల్లో కూర్చుని ఇది చదువుతున్న వాళ్లలో సగం మందికి మొదటి ఇంగ్లీషు ముక్క చెప్పిన టీచరు ఉండదు. కావాలంటే మీ పక్క సీట్లో ఉన్నవాణ్ణి అడిగి చూడండి.

అంటే వందేళ్లలో చక్రం ఒక చుట్టు తిరిగింది. మళ్లీ ఖాన్గీ బడి, మళ్లీ ఫీజు తప్ప ఆధారం లేని బడి. కాకపోతే అప్పుడు ఇంటిభాష కోసం ఖాన్గీ బడికి పోయేవాళ్లు, ఇప్పుడు ఉద్యోగభాష కోసం పోతున్నారు.

కాస్త లెక్క వేద్దాం

మనం ఇంజినీర్లం కాబట్టి లెక్క లేకుండా ఒప్పుకోం. ఇవి ఏ ఒక్క బడివీ కావు, నేను ఉదాహరణకి వేసుకున్న అంకెలు. ఒక చిన్న బడిలో 200 మంది పిల్లలు, ఏడాది ఫీజు 15,000 అనుకోండి. అందరూ కడితే 30 లక్షలు. పన్నెండు మంది టీచర్లకి నెలకి పదివేల చొప్పున ఏడాదికి 14.4 లక్షలు. బిల్డింగు కిరాయి నెలకి 40 వేలు, అంటే 4.8 లక్షలు. ఆయా, వాచ్‌మన్, వ్యాను డ్రైవరు ముగ్గురికీ కలిపి 2.88 లక్షలు. కరెంటు, డీజిలు, ఇన్సూరెన్సు, సుద్దముక్కలు అన్నీ కలిపి మూడు లక్షలు. మొత్తం ఖర్చు 25 లక్షల చిల్లర. లాభమే కదా అంటారా? ఫీజు నూటికి నూరు శాతం ఎప్పుడూ రాదు. 80 శాతం వసూలైతే వచ్చేది 24 లక్షలు. అంటే మొదటి రోజు నుంచే లక్ష లోటు.

ఇప్పుడు ఇరవై మంది టీసీ తీసుకున్నారనుకోండి. క్లాసుకి ఇద్దరే. ఖర్చు మాత్రం పైసా తగ్గదు. క్లాసులో ఇరవై మంది ఉన్నా పద్దెనిమిది మంది ఉన్నా టీచరు ఒకరే, కిరాయి అదే. ఆదాయం 2.4 లక్షలు తగ్గింది, అంటే సరిగ్గా ఇద్దరు టీచర్ల ఏడాది జీతం. యాజమాన్యం ఏం చేస్తుంది? ఇద్దర్ని తీసేస్తుంది, లేదా అందరికీ రెండు నెలల జీతం ఆపుతుంది. ఆపితే ముందుగా వెళ్లిపోయేది ఇంకోచోట ఉద్యోగం దొరికే మంచి లెక్కల టీచరే. ఆవిడ వెళ్లిందని ఇంకో ముప్పై మంది వెళతారు. బ్యాంకు మీద నమ్మకం పోయి అందరూ ఒక్కసారి డబ్బులు తీసుకోవడానికి పరిగెత్తితే బాగున్న బ్యాంకు కూడా కూలుతుందే, అచ్చు అలాగే. విడివిడిగా చూస్తే ప్రతి తండ్రీ చేసింది సరైన పనే. అందరూ కలిసి చేసింది బడిని మూసెయ్యడం.

అన్నట్టు, ప్రైవేటు బడి ఫీజు ఎలా ఖర్చు పెట్టాలో చెప్పే జీవో ఒకటుంది. 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబర్ 1. వసూలైన ఫీజులో 50 శాతం జీతాలకి, 15 శాతం నిర్వహణకి, 15 శాతం అభివృద్ధికి, 15 శాతం టీచర్ల పీఎఫ్, గ్రాట్యుటీ లాంటి వాటికి, యాజమాన్యానికి 5 శాతం. కాగితం మీద ఎంత చక్కగా ఉందో! ఇలా నడిచే బడి మీకెక్కడైనా కనిపిస్తే పిల్లల్ని కళ్లు మూసుకుని చేర్పించండి.

కరోనా ఈ లెక్కలోని ఆదాయం గడినే కొట్టేసింది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 46 ఆ ఏడాది ఫీజు పెంచకూడదని, నెలవారీ ట్యూషన్ ఫీజు మాత్రమే తీసుకోవాలని చెప్పింది. పనులు పోయిన తల్లిదండ్రులకి అది అవసరమే. చిన్న బడికి మాత్రం ఆ ట్యూషన్ ఫీజూ రాలేదు. అసర్ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ పిల్లల్లో సర్కారు బడుల్లో ఉన్నవాళ్లు 2018లో 64.3 శాతం ఉంటే 2021లో 70.3 శాతానికి పెరిగారు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం కూడా వచ్చింది. ఇంగ్లీషు ఒక్కటే చూసుకుని చిన్న ప్రైవేటు బడికి వెళ్లిన వాళ్లకి ఆ కారణం కూడా బలహీనపడింది.

మరి ఉండాలా, వెళ్లాలా?

హనుమకొండలో ఉండే నా మిత్రుడొకడు ఈ మధ్య ఫోన్లో ఇదే అడిగాడు. "పోరడు ఎనిమిదికి వస్తున్నడు. సార్లు మంచోళ్లే, ప్రతి పిల్లగాన్ని పేరు పెట్టి పిలుస్తరు. కానీ మూణ్ణెల్లకోసారి ఒక టీచర్ మారుతున్నరు. కార్పొరేట్ల ఎయ్యాల్నా, ఈడ్నే ఉంచాల్నా? ఏం చెయ్యమంటవ్?" అని. వాడి భార్యకి ఆ బడి వదలడం ఇష్టం లేదు. పిల్లవాడు మాటలు లేటుగా నేర్చుకున్నప్పుడు ఓపిగ్గా చూసుకున్నది ఆ బడేనట. ఆవిడ మాటని సెంటిమెంటు అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పలేదు. పిల్లవాడిని పేరు పెట్టి పిలవడం ఏ ర్యాంకుల పేపర్లోనూ రాదు కానీ, అదీ చదువులో భాగమే.

నేను వాడికి చెప్పింది పై చరిత్ర నుంచి తీసుకున్న మూడు ప్రశ్నలు.

ఒకటి, కాగితం. బడికి ఇప్పుడు గుర్తింపు ఉందా, ఎప్పటిదాకా ఉంది, ఎన్నో తరగతి దాకా ఉంది? పదో తరగతి పరీక్షకి పేర్లు వెళ్లేది గుర్తింపు ఉన్న బడి ద్వారానే. నారాయణగూడ వాళ్లు పూనా దాకా వెళ్లింది ఈ కాగితం కోసమే. ఇది లేకపోతే మిగతా రెండు ప్రశ్నలు అడగనక్కర్లేదు, ఎంత మంచి సార్లున్నా సరే. ఎనిమిదో తరగతిలోపు పిల్లలకి ఒక ఊరట ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ రావడం ఆలస్యమైందని సర్కారు బడి గానీ ఎయిడెడ్ బడి గానీ చేర్చుకోకుండా ఉండకూడదు. తొమ్మిది, పదికి వచ్చేసరికి ఆ రక్షణ ఉండదు. అందుకని ఏ నిర్ణయమైనా ఎనిమిదిలోపే తేల్చుకోవడం మంచిది.

రెండు, మనుషులు. పోయిన ఏడు ఉన్న టీచర్లలో ఎంతమంది ఈ ఏడు ఉన్నారు? జీతాలు ఏ తారీఖున పడుతున్నాయి? ఇది యాజమాన్యాన్ని అడిగితే చెప్పరు. టీచర్నే అడగండి, మర్యాదగా, ఒంటరిగా ఉన్నప్పుడు. జీతం ఆగిన బడిలో చదువు ఆగడానికి ఎక్కువ కాలం పట్టదు.

మూడు, లోటు. ఇదే అసలైనది. ఈ బడికి తగ్గిన డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది? వీధిబడికి ఎవరూ లేరు, పోయింది. భాషానిలయానికి సభ్యులున్నారు, నిలబడింది. నారాయణగూడకి దాతలు, ఏవీవీ లాంటి వాటికి వ్యాపారులు, ఎయిడెడ్ బడులకి సర్కారు. ఇప్పటి చిన్న బడుల్లో చాలాచోట్ల జవాబు ఒకటే. టీచరు జేబులోంచి. రావాల్సిన జీతం కంటే తక్కువ తీసుకుని, నెలలు నెలలు ఆగి, ఆ టీచరమ్మే బడికి అప్పు ఇస్తోంది. మనం తక్కువ ఫీజు అని సంబరపడే దాంట్లో ఆవిడ వాటా ఉంది. 2021లో 25 కిలోల బియ్యం అవసరమైంది అందుకే. ఆవిడ దగ్గర దాచుకున్నది ఏమీ లేదు, ఉన్నదంతా అప్పటికే బడిలో పెట్టేసింది.

ఈ మూడింటికీ జవాబు బాగుంటే ఉండండి, ఉన్నవాళ్లు ఫీజు మాత్రం వేళకి కట్టండి. ఐటీ జీతం తీసుకుంటూ వాళ్లు ఎలాగూ అడగలేరులే అని మార్చి దాకా నాన్చే మహానుభావుల్ని నేను చూశాను. లోటు ఆరు నెలలో ఏడాదో ఉండేదైతే, ఇరవై ముప్పై మంది తల్లిదండ్రులు కలిసి కూర్చుని యాజమాన్యాన్ని లెక్కలు చూపించమనండి. చూపిస్తే ముందస్తు ఫీజో, చందాయో ఆలోచించొచ్చు. లెక్కలు చూపించని బడికి అదనంగా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. వందేళ్ల కిందటి వాళ్లు చందా ఇస్తే ఏడాదికోసారి లెక్క అడిగేవారు, మనకెందుకు మొహమాటం? విద్యాహక్కు చట్టం చెప్పిన స్కూలు కమిటీలు అన్-ఎయిడెడ్ ప్రైవేటు బడులకి వర్తించవు కాబట్టి, అడగడం మన పనే.

జవాబులు బాగాలేకపోతే వెళ్లిపోండి. అపరాధభావం అక్కర్లేదు. బడిని బతికించడానికి పిల్లవాడి ఏడాదిని పణంగా పెట్టమనే హక్కు ఎవరికీ లేదు. పాత బకాయి తీర్చి వెళ్లండి, అది యాజమాన్యానికి కాదు, ఆ టీచరమ్మకి పడిన బాకీ. ఎందుకు వెళుతున్నారో కూడా చెప్పి వెళ్లండి. అందరూ చప్పుడు చెయ్యకుండా జూన్‌లో మాయమైతే, ఏం సరిచేసుకోవాలో ఆ బడికి ఎప్పటికీ తెలియదు.

చరిత్రలో ఫీజు ఒక్కటే నమ్ముకుని ఎక్కువకాలం నిలబడ్డ మంచి చిన్న బడి నాకైతే కనిపించలేదు. నిలబడిన ప్రతి బడి వెనకా లోటు మోసిన చెయ్యి ఒకటుంది. మా జిల్లాలో వ్యాపారులు ఆ పని చేశారు, తర్వాత సర్కారు చేసింది, ఇప్పుడు నెలకి పదివేలు తీసుకునే టీచర్లు చేస్తున్నారు. వాళ్లకంటే పది రెట్లు సంపాదించే మనం ఈ వరుసలో ఎక్కడున్నాం?